గ్రాంటు అయిపోయాక ఉమ్మడి మాస్టర్స్ నడిపేదెలా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్, పీహెచ్‌డీ కోర్సుల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి: మొదట ఇచ్చిన నిధులు అయిపోతున్నాయి, తర్వాత సంగతేమిటి? రాసినవారిలో ఎక్కువమంది, ఉమ్మడి మాస్టర్స్‌కు నిధులిచ్చే యూరోపియన్ యూనియన్ పథకం ఎరాస్మస్ ముండస్ కింద ఉన్నవారే. అందుకే లెక్కలన్నీ ఆ పథకం 2021–27 నిబంధనల ప్రకారం వేశాం. వేరే నిధులతో నడిచేవారు అంకెలు మార్చుకోవాలి.

ప్రశ్న: మాది నాలుగు యూనివర్సిటీల ఉమ్మడి మాస్టర్స్. గ్రాంటు ఇంకా రెండేళ్లు ఉంది. "టైముంది కదా, మళ్లీ దరఖాస్తు పెడదాం" అంటున్నారు తోటివాళ్లు. నిజంగా టైముందా?
– ఒక కోర్సు కోఆర్డినేటర్

జవాబు: లేదు. ఎరాస్మస్ ముండస్ ఒప్పందం 74 నెలలు. రెండేళ్ల కోర్సయితే అందులో చివరి రెండేళ్లూ ఆఖరి స్కాలర్‌షిప్ బ్యాచ్ చదువు పూర్తి చేయడానికే సరిపోతాయి. అంటే మీ చేతిలో రెండేళ్లు మిగిలాయంటే ఆఖరి బ్యాచ్ ఇప్పటికే క్లాసులో కూర్చుంది. వచ్చే సెప్టెంబరులో చేరాల్సిన బ్యాచ్‌కు అడ్మిషన్ ప్రకటన ఈ శరత్కాలంలోనే రావాలి. ఆ ప్రకటనలో ఫీజెంతో ఉండాలి. ఆ ఫీజును నాలుగు యూనివర్సిటీల పాలక మండళ్లూ ముందే ఆమోదించి ఉండాలి. చాలాచోట్ల ఫీజుల పట్టిక ఏడాది ముందే ఖరారవుతుంది కాబట్టి, ఆ పని మొదలుపెట్టాల్సింది నిరుడే.

ఇక మళ్లీ దరఖాస్తు సంగతి. గడువు ఏటా ఫిబ్రవరిలో ఉంటుంది, ఫలితం వేసవిలో వస్తుంది. ఒప్పందం కుదిరి, స్కాలర్‌షిప్ విద్యార్థులను ఎంపిక చేసి, తొలి బ్యాచ్ క్లాసులోకి వచ్చేది సాధారణంగా ఆ మరుసటి ఏడాది శరత్కాలంలో. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఏడాదిన్నర పైమాటే. ఒకసారి తిరస్కరిస్తే ఇంకో 12 నెలలు కలుస్తాయి. కాబట్టి గెలిచినా మధ్యలో ఒక బ్యాచ్ గ్రాంటు లేకుండా నడుస్తుందనుకోండి, ఓడితే రెండు. పైగా దరఖాస్తును మదింపు చేసేవాళ్లు "నిధులు ఆగాక ఎలా నడుపుతారు?" అని తప్పకుండా చూస్తారు. ఫీజు కట్టే విద్యార్థులతో ఒక బ్యాచ్ నడిపి చూపిన కన్సార్టియం (కోర్సును కలిసి నడిపే యూనివర్సిటీల బృందం) దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

ప్రశ్న: గ్రాంటు పోతే పోయేది స్కాలర్‌షిప్పులే కదా, పాఠాలు చెప్పే ప్రొఫెసర్లకు జీతాలు యూనివర్సిటీయే ఇస్తోంది కదా అని మా డీన్ అంటున్నారు. లోటు నిజంగా ఎంతుంటుంది? ఫీజు ఎలా లెక్కేయాలి?
– ఆర్థిక విభాగం ఉద్యోగి

జవాబు: మీ డీన్ గారి మాటలో సగం నిజముంది. గ్రాంటులో రెండు రకాల డబ్బుంటుంది. ఒకటి విద్యార్థి చేతికి వెళ్లే నెలకు 1,400 యూరోలు. 24 నెలలకు 33,600. రెండోది సంస్థల ఖర్చులకు ఒక్కో స్కాలర్‌షిప్‌కు నెలకు 750 యూరోలు. 24 నెలలకు 18,000. మామూలు గరిష్ఠమైన 60 స్కాలర్‌షిప్పులు తీసుకుంటే సంస్థల వాటా 10,80,000 యూరోలు. నాలుగు బ్యాచ్‌లకు పంచితే బ్యాచ్‌కు 2,70,000. స్కాలర్‌షిప్ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోకూడదు కాబట్టి, ఇన్నాళ్లూ ఈ 750 యూరోలే వాళ్ల ఫీజు. డీన్ గారి లెక్కలో కనబడనిది ఈ డబ్బే.

అది దేనికి పోతోందో చూడండి: కోర్సు కార్యాలయంలో ఒక ఉద్యోగి, దరఖాస్తుల పోర్టల్, బీమా, మొదటి వారం అందరినీ ఒకచోట చేర్చే కార్యక్రమం, అతిథి అధ్యాపకుల ప్రయాణాలు, పరీక్షా మండలి సమావేశాలు, పట్టాల ముద్రణ. వీటిలో మొదటిదే ప్రాణం. ఆ ఉద్యోగి కాంట్రాక్టు గ్రాంటుతో ముడిపడి ఉంటుంది. గ్రాంటు ముగియడానికి ఆరేడు నెలల ముందే ఆ మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటారు, తప్పు పట్టలేం. ఏ దేశం మార్కులు ఏ దేశం గ్రేడుకు సమానమో చెప్పే పట్టిక, ఏ విద్యార్థి ఏ సెమిస్టర్ ఎక్కడున్నాడనే లెక్క, ప్రతి భాగస్వామి దగ్గర ఎవరిని అడిగితే పని జరుగుతుందన్న జ్ఞానం, అన్నీ ఆ మనిషితోనే వెళ్లిపోతాయి. ఉమ్మడి కోర్సులు ఆగిపోవడానికి డబ్బు లేకపోవడం కన్నా ఇదే ముందు కారణమవుతుంది.

అందుకని గ్రాంటు ఉండగానే ఆ ఉద్యోగి పనిని విడగొట్టండి. దరఖాస్తుల స్వీకరణ, ఫీజు వసూలు యూనివర్సిటీ మామూలు అడ్మిషన్ విభాగానికి. మార్కులు, పట్టాలు రిజిస్ట్రార్‌కు. వీసా ఉత్తరాలు అంతర్జాతీయ విభాగానికి. ఇవన్నీ పోగా మిగిలేది చాలాచోట్ల సగం ఉద్యోగానికి సరిపడా పని. ఆ సగం ఉద్యోగాన్ని శాశ్వత బడ్జెట్‌లో పెట్టించడమే డీన్‌తో మీరు చేయాల్సిన అసలు బేరం.

ఇక ఫీజు. ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క చూద్దాం. రెండేళ్లకు ఫీజు 12,000 యూరోలు అనుకోండి. విద్యార్థి ఉన్న యూనివర్సిటీకి సెమిస్టర్‌కు 1,500 చొప్పున నాలుగు సెమిస్టర్లకు 6,000 పోతుంది. బీమా, ఉమ్మడి కార్యక్రమాలు, పట్టా కలిపి 1,000. మిగిలేది 5,000. ఎంతమంది చేరినా మారని ఖర్చు, అంటే కార్యాలయం, పోర్టల్, సమావేశాలు, నాణ్యతా మదింపు, బ్యాచ్‌కు 70,000 అనుకుంటే, పూర్తి ఫీజు కట్టేవాళ్లు 14 మంది ఉండాలి. పదిమందే వస్తే 20,000 లోటు. ఆ లోటు ఎవరు భరిస్తారో ముందే రాసుకోకపోతే అది కోఆర్డినేటింగ్ యూనివర్సిటీ నెత్తిన పడుతుంది.

చాలామంది తప్పు చేసేది ఫీజు మినహాయింపుల దగ్గర. ముగ్గురికి పూర్తి మినహాయింపు ఇస్తే రాని ఫీజొక్కటే నష్టం అనుకుంటారు. ఆ ముగ్గురికీ తలా 7,000 (పైన చెప్పిన 6,000, 1,000 కలిపి) ఖర్చు ఉండనే ఉంటుంది, మొత్తం 21,000. ఇప్పుడు మోయాల్సింది 91,000, అంటే ఫీజు కట్టేవాళ్లు 19 మంది కావాలి. అదే ఆరుగురికి సగం మినహాయింపు ఇస్తే? వదులుకున్న ఫీజు రెండు పద్ధతుల్లోనూ 36,000 యూరోలే. కానీ ఆ ఆరుగురూ తలా 6,000 కడతారు, వాళ్ల మీద 7,000 ఖర్చవుతుంది, లోటు మొత్తం 6,000. అప్పుడు పూర్తి ఫీజు కట్టేవాళ్లు 16 మంది చాలు. సగం మినహాయింపుతో నిజంగా చేరేవాళ్లు దొరికితేనే ఇది పనికొస్తుంది, అది మీ పాత దరఖాస్తుదారులను చూసి అంచనా వేయాలి.

ఇంకో మాట: గ్రాంటు చివరి విడత తుది నివేదిక ఆమోదం పొందాకే వస్తుంది. అదే ఏడాది కొత్త బ్యాచ్ ఫీజు సెమిస్టర్ల వారీగా చిన్న ముక్కలుగా వస్తుంటుంది. లెక్కల్లో లాభం కనిపిస్తున్నా ఖాతాలో డబ్బుండదు. ఆ ఏడాదికి యూనివర్సిటీ నుంచి తాత్కాలిక సర్దుబాటు ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మా భాగస్వాముల్లో ఒకరి దేశంలో ఫీజే లేదు, ఇంకొకరి దగ్గర విదేశీ విద్యార్థులకు ఎక్కువ ఫీజు. ఉమ్మడి ఫీజు పెట్టడం కుదురుతుందా?
– విభాగాధిపతి

జవాబు: కుదురుతుంది, కానీ ముందు ఎవరి చట్టం ఏమంటోందో కాగితం మీద పెట్టాలి. యూరప్‌లోనే చూడండి. డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టాయి. జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల్లో మామూలు మాస్టర్స్‌కు ఫీజు లేదు. బాడెన్–వ్యుర్టెంబెర్గ్ మాత్రం 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరప్ బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఫ్రాన్స్ 2019లో ఇలాంటివారికి మాస్టర్స్ ఫీజును ఏడాదికి 3,770 యూరోలుగా నిర్ణయించింది, కాకపోతే మినహాయింపు ఇచ్చే వెసులుబాటు యూనివర్సిటీలకు ఉంది. గ్రాంటు ఉన్నంతకాలం ఈ తేడాలు కనబడవు, ఎందుకంటే విద్యార్థి ఎవరికీ ఏమీ కట్టడు.

పనిచేసే పద్ధతి ఇది: కన్సార్టియం మొత్తానికి ఒకే ఫీజు, ఒకే యూనివర్సిటీ వసూలు, తర్వాత పంపకం. పంపకం విద్యార్థుల తలల లెక్కన, ఫలానా తేదీన ఎంతమంది ఎక్కడున్నారో చూసి చేయాలి. నవంబర్ 1 లాంటి తేదీ పెట్టుకుంటే చేరి మానేసినవాళ్ల గొడవ ఉండదు. ప్రతి భాగస్వామికి ఏటా ఇంత ఇస్తామని మాత్రం మాటివ్వకండి. బ్యాచ్ చిన్నదైన ఏడాది ఆ మాట మిమ్మల్ని ముంచుతుంది. పంచే ముందు పదో వంతు పక్కన పెట్టి ఉమ్మడి నిల్వగా ఉంచండి. యూరో వాడని దేశం ఉంటే మారకం రేటు ఏ తేదీదో కూడా ఒప్పందంలో ఉండాలి.

ఫీజు తీసుకోకూడని యూనివర్సిటీ వాటా సంగతి ఆ యూనివర్సిటీ న్యాయ విభాగాన్నే అడగండి: ఏ పద్దు కింద డబ్బు తీసుకోగలరో రాసిమ్మనండి. కొందరు అసలేమీ తీసుకోలేమంటారు. అప్పుడు వాళ్ల వాటా ఫీజులోంచి తీసేసి మొత్తం ఫీజు తగ్గించడమే నిజాయితీ. అక్కడ రెండు సెమిస్టర్లు పెడితే ఫీజు ఇంకా తగ్గుతుంది. ఒక ప్రమాదం గమనించండి: ఆ యూనివర్సిటీలో మీ కోర్సును పోలిన మాస్టర్స్ ఉచితంగా ఉంటే, తెలివైన విద్యార్థి అందులోనే చేరతాడు. ఉమ్మడి పట్టా అదనంగా ఏమిస్తుందో మీ వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే ఉండాలి.

ప్రశ్న: గ్రాంటు ముగిసిన నెలకు ఒక భాగస్వామి రిజిస్ట్రార్ "మన మధ్య ఒప్పందమే లేదు, పట్టా మీద సంతకం పెట్టలేం" అన్నారు. ఇదెలా జరిగింది?
– కోర్సు కార్యాలయం నుంచి

జవాబు: గ్రాంటు కోసం రాసుకున్న కన్సార్టియం ఒప్పందంలో చాలాచోట్ల "గ్రాంటు ఒప్పందం ముగిసే వరకు" అన్న వాక్యం ఉంటుంది. ఎవరూ దాన్ని మళ్లీ చదవరు. గ్రాంటుతో పాటు ఉమ్మడి పట్టాకు ఉన్న చట్టపరమైన ఆధారం కూడా పోతుంది. మీ రిజిస్ట్రార్ చేసింది సరైన పనే.

వెంటనే చేయాల్సింది, ఇప్పటికే చేరిన విద్యార్థుల కోసం పాత నిబంధనలనే వాళ్ల చదువు పూర్తయ్యే దాకా పొడిగిస్తూ ఒక చిన్న అనుబంధం. తీరిగ్గా చేయాల్సింది, ఒప్పందాన్ని రెండుగా విడగొట్టడం. మొదటిది పట్టా ఒప్పందం: సిలబస్, క్రెడిట్లు, గ్రేడుల మార్పిడి, పరీక్షలు, పట్టా రూపం, ఫిర్యాదుల పరిష్కారం. దీనికి కాలపరిమితి పెట్టవద్దు, లేదా దానంతటదే పునరుద్ధరణ అయ్యేలా రాయండి. రెండోది డబ్బు అనుబంధం: ఫీజు, పంపకం, నిల్వ, లోటు. దీన్ని ఏటా మార్చుకోవచ్చు, సంతకం డీన్ స్థాయిలో సరిపోతుంది. ఫీజు మారిన ప్రతిసారీ నలుగురు వైస్‌చాన్సలర్ల సంతకాలు కావాలంటే ఆ పని ఎప్పటికీ కాదు.

తప్పుకునే నిబంధన స్పష్టంగా ఉండాలి. కనీసం 18 నెలల నోటీసు, తప్పుకునేది బ్యాచ్ మొదలయ్యేటప్పుడే తప్ప మధ్యలో కాదు, ఇప్పటికే చేరినవాళ్లకు చివరిదాకా బోధన, పట్టా బాధ్యత. తప్పుకున్న భాగస్వామి ఒక్కరే ఏదైనా తప్పనిసరి సబ్జెక్టు చెబుతుంటే అది ఇంకెవరు చెబుతారో ముందే తేల్చుకోండి.

నాణ్యతా గుర్తింపు తేదీలు కూడా ఇప్పుడే చూడండి. 2015లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఉన్నత విద్యా మంత్రులు ఆమోదించిన యూరోపియన్ పద్ధతిలో ఉమ్మడి కోర్సు మొత్తానికి ఒకే మదింపు జరిపించుకోవచ్చు. దాని కాలం ఆరేళ్లు. ఆరేళ్ల గ్రాంటూ ఆరేళ్ల గుర్తింపూ పక్కపక్కనే ముగియడం మామూలే. అంటే చేతిలో డబ్బు లేని ఏడాదే స్వీయ నివేదిక రాయాలి, నిపుణుల బృందానికి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చును గ్రాంటు ఉన్నప్పుడే పక్కన పెట్టుకున్నవాళ్లు తక్కువ. అన్ని దేశాలూ ఆ ఒక్క మదింపుతో సరిపెట్టుకోవు, కొన్నిచోట్ల సొంత ప్రక్రియ అదనంగా ఉంటుంది. భాగస్వామి వారీగా అడగండి.

ప్రశ్న: స్కాలర్‌షిప్పులున్నప్పుడు దరఖాస్తులు వందల్లో వచ్చేవి. ఫీజు పెట్టగానే పట్టుమని నలభై రాలేదు. మా కోర్సుకు విలువే లేదా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ఆ వందల దరఖాస్తులు స్కాలర్‌షిప్‌కు వచ్చినవి. అసలు గిరాకీ తెలియాలంటే గ్రాంటు ఏళ్లలో సొంత ఖర్చుతో చేరినవాళ్లు ఎంతమందో చూడండి. ఆ సంఖ్య ఏటా నలుగురైదుగురుంటే దాని మీద కట్టుకోవచ్చు. సున్నా అయితే ఫీజుతో నడుపుతామనే ఆలోచనే మళ్లీ చూసుకోవాలి. అందుకే గ్రాంటు రెండో బ్యాచ్ నుంచే సొంత ఖర్చు విద్యార్థులకు సీట్లు తెరిచి ఉంచమంటాం.

చేరేవాళ్లకు చేయగల సాయం ఒకటి చాలామందికి తట్టదు. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ లేని విద్యార్థి వేరే దేశంలో చదివే కాలానికి ఇచ్చే మామూలు ఎరాస్మస్ ప్లస్ గ్రాంటు అడగవచ్చు. విద్యార్థి ఏ దేశం పౌరుడన్నది కాదు, ఏ యూనివర్సిటీలో నమోదై ఉన్నాడన్నది ముఖ్యం. మాస్టర్స్ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా వాడుకోవచ్చు. మొదటి ఏడాది ఒక యూనివర్సిటీ, రెండో ఏడాది ఇంకోటి అయితే రెండో ఏడాదికి ఇది సరిగ్గా సరిపోతుంది. పంపే యూనివర్సిటీలో విద్యార్థి నమోదు కొనసాగాలి, ఇద్దరి మధ్యా ఎరాస్మస్ అంతర్ సంస్థాగత ఒప్పందం వేరుగా ఉండాలి, పంపే యూనివర్సిటీ అంతర్గత గడువులోపు దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు కొత్త విద్యార్థి వచ్చిన కొద్ది నెలలకే అయిపోతుంది. అక్టోబరులోనే చెప్పకపోతే ఒక బ్యాచ్ మొత్తం ఆ డబ్బు పోగొట్టుకుంటుంది.

వీసా దగ్గర ఇంకో తేడా వస్తుంది. ఇంతకుముందు స్కాలర్‌షిప్ ఉత్తరం చూపిస్తే నిధుల రుజువు అయిపోయేది. ఇప్పుడు విద్యార్థి సొంత డబ్బు చూపాలి. ఉదాహరణకు జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఖాతాలో కట్టి ఉంచమంటోంది. ఇంకో దేశానికి వెళ్లడం గురించి మాత్రం కంగారు అక్కర్లేదు: 2016/801 నంబరు యూరోపియన్ ఆదేశం ప్రకారం యూనివర్సిటీల మధ్య ఒప్పందం కింద చదివే విద్యార్థి రెండో సభ్య దేశంలో 360 రోజుల దాకా ఉండవచ్చు. డెన్మార్క్, ఐర్లాండ్‌లకు ఇది వర్తించదు. ఇది గ్రాంటుతో ముడిపడిన హక్కు కాదు, కాబట్టి ఒప్పందం ప్రతిని ప్రతి విద్యార్థికీ ఇచ్చి పంపండి.

సీటు ఖాయం చేసుకోవడానికి తిరిగివ్వని చిన్న మొత్తం ఏప్రిల్‌లోపు కట్టించండి. లేకపోతే జాబితాలో ఇరవై మంది కనిపిస్తారు, సెప్టెంబరులో ఎనిమిది మంది దిగుతారు. వీసా తిరస్కరిస్తే మాత్రం ఆ డబ్బు వెనక్కివ్వాలి.

ప్రశ్న: ఖర్చు తగ్గించుకోవడానికి మూడు దేశాలను రెండుకు కుదించాలా, లేక రెండేళ్లకోసారి బ్యాచ్ పెట్టాలా?
– కోఆర్డినేటర్

జవాబు: ఏడాది విడిచి ఏడాది బ్యాచ్ పెట్టే ఆలోచన మానుకోండి. కార్యాలయం ఖర్చు సగం కాదు, ప్రొఫెసర్ల టైమ్‌టేబుల్‌లో మీ సబ్జెక్టు ఖాళీ ఏడాది వేరేవాళ్లు తీసుకుంటారు, కోర్సు మూతపడిందని బయట పేరొస్తుంది. దేశాలను కుదించడం మెరుగు. కాకపోతే మళ్లీ ఎరాస్మస్ ముండస్‌కు వెళ్లాలంటే మూడు వేర్వేరు దేశాల్లో మూడు యూనివర్సిటీలు, విద్యార్థి నివసించే దేశం కాకుండా రెండు దేశాల్లో చదువు ఉండాలి. కాబట్టి మూడో భాగస్వామిని ఒప్పందంలో ఉంచి, అక్కడి సెమిస్టర్‌ను తప్పనిసరి నుంచి ఐచ్ఛికానికి మార్చండి.

నిజంగా పొదుపయ్యేది బోధనలో. ఉమ్మడి కోర్సు కోసమే ప్రత్యేకంగా నడిపే సబ్జెక్టులు ఎన్నో లెక్కపెట్టండి. వాటిలో ఎక్కువ భాగాన్ని ప్రతి యూనివర్సిటీలో ఇప్పటికే ఉన్న మాస్టర్స్ క్లాసుల్లో కలిపేయవచ్చు. ఒక్క సెమినారు, థీసిస్ మాత్రం ఉమ్మడిగా ఉంచండి. ఒకే ఉమ్మడి పట్టా ఇవ్వడం కష్టమైతే తలా ఒక పట్టా ఇచ్చే ద్వంద్వ పట్టాకు మారడం పరువు తక్కువేమీ కాదు. సంతకాల పని తగ్గుతుంది.

ప్రశ్న: ఇదంతా ఉమ్మడి పీహెచ్‌డీకి కూడా వర్తిస్తుందా?
– పరిశోధక విద్యార్థి గైడ్

జవాబు: డబ్బు విషయంలో వర్తించదు. పీహెచ్‌డీకి ఫీజుతో కాదు, జీతంతో పని. అందువల్ల యూనివర్సిటీల నెట్‌వర్క్‌కు వచ్చే ఉమ్మడి గ్రాంటు పోతే ఎవరి ప్రాజెక్టు నిధులతో వాళ్లు విద్యార్థిని పోషించాలి. ఉమ్మడితనం నిలబెట్టేది విద్యార్థి వారీగా రాసుకునే కోటుటెల్ ఒప్పందం, అంటే ఒకే థీసిస్‌కు రెండు యూనివర్సిటీలు కలిసి గైడ్ చేసే ఒప్పందం. ఫ్రాన్స్ దీనికి 1994లోనే నియమాలు చేసింది. ఇద్దరు గైడ్‌లు, ప్రతి యూనివర్సిటీలో గడిపే కాలం, థీసిస్ భాష, ఒకే మౌఖిక పరీక్ష, ప్రయాణ ఖర్చు ఎవరిది, ఇవన్నీ మొదటి ఏడాదిలోనే సంతకం కావాలి. థీసిస్ సమర్పణ దగ్గరపడ్డాక మొదలుపెడితే పరీక్షకుల సంఖ్య దగ్గరే రెండు యూనివర్సిటీల నియమాలు కొట్టుకుంటాయి.

ప్రశ్న: అన్నీ చూశాక మూసేయడమే మంచిదనిపిస్తోంది. ఎలా మూయాలి?
– పేరు రాయవద్దన్నారు

జవాబు: రెండు బ్యాచ్‌లు వరుసగా మీ కనీస సంఖ్య చేరకపోయినా, ఏ యూనివర్సిటీ కూడా ఆ సగం ఉద్యోగాన్ని తన బడ్జెట్‌లో పెట్టకపోయినా మూయండి. ముందు కొత్త అడ్మిషన్లు ఆపుతున్నట్టు బోర్డు తీర్మానం, అదే వారంలో వెబ్‌సైట్ మీద ప్రకటన. చదువుతున్నవాళ్లకు చివరి తేదీ చెప్పండి. వాయిదా పడిన థీసిస్‌ల కోసం మామూలు గడువుపైన ఒక ఏడాది కలపండి. గుర్తింపు ఇచ్చిన ఏజెన్సీకి రాయండి. ఎరాస్మస్ ముండస్ పేరు, చిహ్నం ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతికి తీసేయండి. పాత విద్యార్థుల వేదిక కోసం వాడుకోవాలనుంటే ఆ పథకాన్ని నడిపే బ్రస్సెల్స్‌లోని ఏజెన్సీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

రికార్డులు ఎవరి దగ్గరుంటాయో తీర్మానంలోనే రాయండి. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు పట్టా నకలు కోసమో, ఉద్యోగమిచ్చే సంస్థ నిర్ధారణ కోసమో ఉత్తరం రాస్తారు. అప్పటికి కోఆర్డినేటర్ రిటైరై ఉంటారు, కోర్సు ఈమెయిల్ పనిచేయదు. మార్కుల జాబితాలు, గ్రేడుల మార్పిడి పట్టిక, ప్రతి ఏటి సిలబస్, ఒప్పందాల అసలు ప్రతులు కోఆర్డినేటింగ్ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆర్కైవ్‌లో చేర్చి, మిగతా భాగస్వాములకు తలా ఒక ప్రతి, రిజిస్ట్రార్ కార్యాలయం సాధారణ చిరునామాతో సహా పంపండి.